గుంటూరు గ్రహణమును, పెరటి దుర్భిణియు

రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని మన గ్రంథాలయ కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను గ్రామ చరిత్రనో, మల్లేశ్వరస్వామివారి ఆలయ చరిత్రనో వ్రాయుదునని మిత్రులు తలచిరి. ఆ విషయములు నాకంటె బాగుగా ఎరిగినవారు ఊరిలో పలువురు కలరు. నేనెన్నుకొన్నది మన తలలపైనున్న ఆకాశము. దానికి కూడ ఈ ప్రాంతమున ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర వలననే మన పొరుగుననున్న గుంటూరు పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథములకెక్కినది.

ఈ వ్యాసమునకు మరియొక కారణమును కలదు. గత శీతకాలమున ఒక చిన్న కటకపు దుర్భిణిని తెప్పించి మా పెరటిలో నిలిపి చూచితిని. రాత్రి చూచినదానిని గూర్చి పగలు చదువుచు, పగలు చదివినదానిని రాత్రి వెదకుచు కొన్ని నెలలు గడపితిని. అప్పుడు నాకు తోచిన సంగతిని పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

చుక్కలను చూచుట మనవారికి క్రొత్తగాదు. గడియారములు లేని కాలమున కాపులు గొల్లకావడి ఎంత ఎత్తు ఎక్కినదో చూచి జాము తెలిసికొనెడివారు. వేగుచుక్క పొడిచినంతనే బండ్లు కట్టెడివారు. కృత్తికలను పిల్లలకోడి యనిరి. పెండ్లిలో పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపుట నేటికిని ఆచారమే. పంచాంగకర్తలు గ్రహణములను ముందుగనే గణించి చెప్పుచుండిరి. అయినను ఇదంతయు కంటితో చూచినది, లెక్కతో కట్టినది. కంటికి అందనిదానిని చూపు సాధనము పడమటి దేశములనుండి వచ్చినది.

1608లో హాలెండు దేశమున కంటి అద్దములు చేయు లిప్పర్షే అను నతడు ఒక గొట్టమునకు రెండు కటకములు అమర్చిన సాధనమునకు హక్కు కోరెను. మరుసటి సంవత్సరము ఇటలీలో గెలీలియో అట్టి సాధనమును తానే చేసికొని ఆకాశము వైపు త్రిప్పెను. 1610 జనవరి 7వ తేదీ రాత్రి గురుగ్రహము ప్రక్కన చిన్న చుక్కలు కనబడెను. కొన్ని రాత్రులు వరుసగా గమనించిన పిదప అవి గురుని చుట్టు తిరుగు చంద్రులని తేలెను. అన్నియు భూమి చుట్టే తిరుగునను నమ్మకమునకు అది గొడ్డలిపెట్టయ్యెను. ఆ గొట్టము నేడు బజారులో దొరకు చిన్న దుర్భిణికంటె మేలైనది కాదు.

ఈ సాధనము దక్షిణ దేశమునకు వేగముగనే వచ్చినది. 1689 డిసెంబరులో పుదుచ్చేరియందు రిషో అను ఫ్రెంచి మతాచార్యుడు ఒక తోకచుక్కను గమనించుచు, దక్షిణాకాశమున కిన్నర మండలములోని అతి ప్రకాశమానమైన నక్షత్రము వైపు తన దుర్భిణిని త్రిప్పెను. కంటికి ఒకటిగా కనబడు ఆ నక్షత్రము రెండు నక్షత్రముల జంటయని తెలిసెను. మద్రాసులో 1786లో కుంపిణీ ఉద్యోగియగు విలియం పెట్రీ తన స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పుకొనెను. అందలి దుర్భిణులు మూడంగుళముల కటకములు కలవి రెండు. కుంపిణీవారు దానిని 1790లో స్వీకరింపగా అదియే మద్రాసు వేధశాల యయ్యెను. ఒక ఉద్యోగి ముచ్చటపడి పెట్టుకొన్న రెండు చిన్న గొట్టములనుండి ఒక పెద్ద సంస్థ పుట్టినదన్న మాట.

ఇక గుంటూరు సంగతికి వత్తము. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము, అనగా 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. చంద్రుని నీడ అరేబియా తీరముమీదుగా వచ్చి, మన దేశమును అడ్డముగా దాటి, సయాము వైపు సాగినది. ఆ నీడ నడచిన బాటలో గుంటూరు, మచిలీపట్టణము ఉండెను. సూర్యబింబము పూర్తిగా మరుగుపడు కాలము ఈ గ్రహణమున మిక్కిలి దీర్ఘము. గుంటూరులోనే అది ఐదు నిమిషములకు పైబడి యుండెను. అందుచేత ఐరోపా శాస్త్రజ్ఞుల దృష్టి మన ప్రాంతముపై పడినది.

ఫ్రాన్సునుండి పియేర్ జాన్సెన్ గుంటూరునకు వచ్చి, అచట కాపురమున్న ఒక ఫ్రెంచి వర్తకుని ఇంటియందు తన సాధనములను నిలిపెను. ఆంగ్ల ప్రభుత్వ పక్షమున మేజరు టెన్నంటు కూడ గుంటూరులోనే విడిసెను. అతనివద్ద ఛాయాచిత్రములు తీయుటకు తొమ్మిదంగుళముల దర్పణపు దుర్భిణి యుండెను. మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమునకు వెళ్లెను. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచారి వనపర్తియందు మరియొక బృందమునకు పెద్దయై యుండెను.

వారందరు తేల్చుకొనగోరినది ఒక్కటే. సంపూర్ణ గ్రహణ సమయమున నల్లని బింబపు అంచున ఎఱ్ఱని నాలుకలవంటివి లేచి కనబడును. అవి ఏమి? మేఘములా, మంటలా? వాటి వెలుగును వర్ణపటదర్శిని గుండ చూచినచో జవాబు దొరకునని వారి ఆశ. ఈ సాధనము వెలుగును ఇంద్రధనుస్సువలె రంగులుగా విడదీయును. మండుచున్న వాయువు వెలుగు మాత్రము పట్టీవలె పరచుకొనక, విడివిడి గీతలుగా కనబడును. ఏ వాయువునకు ఏ గీతలో ముందే తెలిసినందున, గీతలను చూచి వాయువును గుర్తింపవచ్చును.

గ్రహణము పట్టినది. ఎఱ్ఱని నాలుకల వెలుగులో కాంతిమంతమగు గీతలు కనబడెను. అవి సూర్యునిపై లేచు వాయుజ్వాలలనియు, అందు ముఖ్యమైనది ఉదజనియనియు తేలెను. చూచినవారందరును ఇంచుమించు ఇదియే చెప్పిరి. కాని జాన్సెన్ అంతటితో తృప్తిపడలేదు. ఆ గీతలు ఎంత కాంతివంతముగా నున్నవనగా, గ్రహణము లేనప్పుడు కూడ వీటిని చూడవచ్చునని ఆతనికి తట్టినది. మరునాడు, అనగా ఆగస్టు 19వ తేదీన, గుంటూరులోనే సూర్యుడు నిండుగా వెలుగుచుండగా దుర్భిణిని బింబపు అంచునకు గురిపెట్టెను. గీతలు కనబడెను. అంతకు పూర్వము గ్రహణ సమయమున కొన్ని నిమిషములు మాత్రమే చిక్కు దృశ్యము, ఆనాటినుండి ఏ రోజుననైనను చూడదగినదయ్యెను.

ఇది ఎట్లు సాధ్యమైనదో మన వ్యవసాయపు ఉపమానముతో చెప్పవచ్చును. కడివెడు నీటిని కళ్లమంతట చల్లినచో తడియైనను కనబడదు. ఆ నీటినే సన్నని బోదెలో పోసినచో పారును. ఆకాశమున వ్యాపించిన సూర్యకాంతిని వర్ణపటదర్శిని పొడుగైన పట్టీగా పరచి పలుచన చేయును. జ్వాల వెలుగు మాత్రము ఒకటి రెండు గీతలలోనే నిలిచియుండును గనుక పలుచబడదు. అందుచే అది పైకి తేలి కనబడును.

జాన్సెన్ ఈ వార్తను సెప్టెంబరు 19వ తేదీన కాకినాడనుండి వ్రాసి పంపెను. ఆ లేఖ సముద్రములు దాటి పారిస్ పండిత పరిషత్తునకు అక్టోబరు 26వ తేదీన చేరెను. అదే దినమున అదే పరిషత్తునకు ఇంగ్లండునుండి మరియొక వార్త వచ్చెను. నార్మన్ లాకియర్ అను నతడు, గ్రహణమును చూడకయే, ఇల్లు కదలకయే, అదే పద్ధతిని అక్టోబరు 20వ తేదీన స్వతంత్రముగా సాధించెనని దాని సారాంశము. పరిషత్తువారు ఇరువురిని సమానముగా గౌరవించిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇద్దరి ముఖములను ఒకే పతకముపై ముద్రించినది.

ఈ లాకియర్ ఎవరు? యుద్ధశాఖా కార్యాలయములో గుమాస్తా. పగలు కార్యాలయపు కాగితములు, తీరిక వేళ ఇంటి తోటలోని దుర్భిణి. అది ఆరుంబావు అంగుళముల కటకము గలది. ఒకరు వేల మైళ్లు ప్రయాణించి మన గుంటూరులో కనుగొన్నదానిని, మరియొకరు తన పెరటినుండియే కనుగొనిరి. ఈ సంగతి చదివిన రాత్రి నేను పెరటిలోనికి వెళ్లి మా దుర్భిణిని క్రొత్త గౌరవముతో చూచితిని.

ఇచట ఒక సవరణ అవసరము. హీలియము అను వాయువును గుంటూరులో కనుగొన్నారని పలువురు వ్రాయుచున్నారు. అది పూర్తిగా సత్యము గాదు. గ్రహణమునాడు పసుపుపచ్చని గీత ఒకటి కనబడిన మాట నిజమే. దానిని చాలమంది సోడియపు గీతయని తలచిరి. అది సోడియపు స్థానమున లేదనియు, భూమిపై తెలిసిన ఏ వాయువునకు చెందదనియు లాకియర్ తరువాతి పరిశీలనలవలన నిర్ణయమయ్యెను. గ్రీకు భాషలో సూర్యుని పేరైన హేలియోస్ నుండి దానికి హీలియము అను పేరు వచ్చినది. 1895లో రామ్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు భూమిపైని ఒక ఖనిజమునుండి దానిని వెలికి తీయువరకు పలువురు నమ్మలేదు. కనుక గుంటూరునకు దక్కవలసిన కీర్తి హీలియపు కీర్తి గాదు. గ్రహణము లేకయే సూర్యజ్వాలలను చూచు మార్గము తొలుత తెరచుకొన్న ఊరు అనునదే దాని కీర్తి. ఉన్న గౌరవము చాలును, లేనిదానిని తగిలించుకొన నక్కరలేదు.

కాని ఆ కీర్తితో మనకేమి మిగిలినది? పరిశీలన ముగిసినది. సాధనములను పెట్టెలలో సర్దుకొని శాస్త్రజ్ఞులు ఎవరి దేశమునకు వారు పోయిరి. దుర్భిణి పోయిన పిదప గుంటూరు ఆకాశము మునుపటివలెనే యుండెను, చూచు సాధనము మాత్రము లేదు. నూటపండ్రెండేండ్ల తరువాత, 1980 ఫిబ్రవరి 16వ తేదీన మరియొక సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలంగాణముమీదుగా నడచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపూరు వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించుచుండగా, మన ఇండ్లలో పలువురు తలుపులు బిగించుకొని లోపల కూర్చుండిరి. వారిని నిందించి ప్రయోజనము లేదు. చూచు మార్గము ఎరుగనివానికి భయమే గదా మిగులునది.

దీనికి భిన్నమైన కథ విశాఖపట్టణమున జరిగినది. అచట గోడే వెంకట జగ్గారావుగారను జమీందారీ వంశీయులు, మద్రాసు వేధశాలాధికారి టెయిలరువద్ద జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించి, 1840లో తమ స్వంత వేధశాలను నెలకొల్పిరి. వారి అనంతరము అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని చేపట్టిరి. ఆరంగుళముల కటకపు దుర్భిణిని తెప్పించి నిలిపిరి. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచినప్పుడు ఆ దృశ్యమును పరిశీలించి నివేదించిరి. గ్రహణములను, బుధ సంక్రమణములను కూడ గమనించిరి. వారి నివేదికలు లండనులోని రాయల్ ఖగోళ సంఘపు పత్రికలో అచ్చయ్యెను. వాతావరణ లెక్కలను కూడ వారు శ్రద్ధగా నడిపిరి. 1892లో వారు గతించువరకు, మామ అల్లుండ్ర కాలము కలిపి అర్ధశతాబ్దమునకు పైగా, ఒక తెలుగు కుటుంబపు ఆవరణనుండి ఆకాశ పరిశీలన సాగినది.

హైదరాబాదులో కూడ ఇట్లే జరిగినది. నవాబు జఫర్ జంగు 1901లో పదునైదంగుళముల కటకపు దుర్భిణిని స్వంతముగా తెప్పించెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరింపగా అదియే నిజామియా వేధశాల యయ్యెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గుంటూరులో జరిగినది గొప్పదే, కాని పదిహేను ఇరువది దినముల ముచ్చట. విశాఖలో జరిగినది అంత ప్రసిద్ధము గాకున్నను, రెండు తరములు నిలిచినది. భేదము ఆకాశములో లేదు, సాధనము ఎవరి ఇంట నున్నదనుటలో నున్నది. ఇదియే నేను చెప్పదలచిన మాట.

ఇంక నా అనుభవమును కొంచెము చెప్పెదను. జమీందారుల, నవాబుల కాలము పోయినది. నేడు ఒక చిన్న దుర్భిణి మధ్యతరగతి కుటుంబమునకు అందరాని వస్తువు గాదు. నేను తెప్పించినది 70 మిల్లీమీటర్ల కటకము, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరము గలది. కంటివద్ద పెట్టుకొను కటకములు రెండు, 20 మిల్లీమీటర్లది, 10 మిల్లీమీటర్లది. పెద్దదానిని చిన్నదానితో భాగించిన ఎన్ని రెట్లో వచ్చును: మొదటిదానితో 35, రెండవదానితో 70. పెట్టెపై మాత్రము ఐదువందల రెట్లని గొప్పగా అచ్చువేసిరి. దానిని నమ్మరాదు. ఇంత కటకమునకు నూటనలువది రెట్లు దాటినచో చిత్రము మసకబారుటయే గాని అదనముగా ఏమియు కనబడదు. దుర్భిణి గొప్ప రెట్లలో లేదు, అది పోగుచేయు వెలుగులో నున్నది. చీకటిలో విప్పారిన మన కంటిపాపకంటె ఇది నూరు రెట్లు వెలుగును పట్టును.

తొలి రాత్రి నాకేమియు కనబడలేదు. గంటసేపు నల్లని శూన్యమును చూచి, మెడ పట్టుకొనగా లోపలికి వచ్చితిని. లోపము దుర్భిణిది గాదు, నాది. గొట్టముపైనున్న చిన్న గురి దుర్భిణిని పెద్దదానితో సరిచూడలేదు. మరునాడు పగటి వెలుగులో ఆలయ గోపుర కలశమునకు గురిపెట్టి రెంటిని ఏకము చేసితిని. కలశము తలక్రిందుగా కనబడగా చుట్టునున్న పిల్లలు నవ్విరి. ఆకాశములో తలక్రిందైనను నష్టము లేదని వారికి చెప్పితిని. మూడుకాళ్ల పీట గాలికి వణకుచుండగా, దాని నడుమ ఇసుక సంచిని వ్రేలాడగట్టితిని. అప్పుడు కుదురుకొనెను.

తరువాత కనబడినదానిని ఎంత వ్రాసినను తక్కువే. శుక్ల పంచమినుండి దశమివరకు చంద్రుని చూడవలెను. వెలుగునీడలు కలియు అంచున కొండల నీడలు, గుండ్రని గోతులు చేతికి అందునట్లుండును. పున్నమినాడు నీడలు లేక అంతయు చదునుగా కనబడును. గురుగ్రహము ప్రక్కన గెలీలియో చూచిన నాలుగు చంద్రులును వరుసదీరి కనబడిరి. మరునాటికి వారి స్థానములు మారెను. శనిగ్రహపు వలయము 2025లో మనవైపు అంచుగా తిరిగినందున సన్నని సూదివలె నుండెను. అది ఏటేట విచ్చుకొనుచు పోవును. గొల్లకావడి క్రింద వ్రేలాడు చుక్కలలో నడిమిది చుక్క గాదు, పొగవంటి వెలుగు. అందు క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. మాఘ ఫాల్గునములలో సప్తర్షి మండలము పైకి వచ్చినప్పుడు అరుంధతీ వసిష్ఠులను చూచితిని. కంటికి ఒక్కటిగా నున్న వసిష్ఠుడు దుర్భిణిలో రెండు చుక్కలయ్యెను. మా ఇంటి పెద్దావిడ చూచి, తన పెండ్లిలో పురోహితుడు చూపినప్పుడు ఏమియు కనబడకున్నను కనబడినదని చెప్పితినని, డెబ్బది యేండ్లు దాటిన పిదప ఇప్పుడు నిజముగా చూచితినని చెప్పినది.

పుదుచ్చేరిలో 1689లో రిషో చూచిన జంట నక్షత్రము కూడ మనకు అందును. జ్యేష్ఠ మాసారంభమున రాత్రి పది గంటలు దాటిన పిదప, దక్షిణ దిక్కున దిగంతమునకు సుమారు 13 డిగ్రీల ఎత్తున అది వెలుగును. ఢిల్లీవారికి అది దిగంతమునంటుకొని ఒక క్షణము తొంగిచూచునంతే. లండనువారికి అసలే లేదు. ఇట్టి విషయములలో మన ఊరు ఎవరికిని తీసిపోదు.

కష్టములు లేకపోలేదు. పెద్ద రహదారి దీపముల వెలుగు ఆకాశమునకు ఒక ప్రక్క తెల్లని తెర కట్టుచున్నది. మార్గశిర పుష్యములలో మంచు కటకముపై పేరుకొనును. దానిని గుడ్డతో తుడువరాదు, గీతలు పడును. దానంతట అది ఆరనీయవలెను. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరియొకటి కలదు. దుర్భిణిని సూర్యునివైపు త్రిప్పి కన్ను పెట్టినచో క్షణములో చూపు పోవును. సూర్యుని చూడవలెనన్నచో, కంటికటకము వెనుక కొంత దూరమున తెల్లకాగితమును పట్టి దానిపై బింబమును పడనీయవలెను. దానినే అందరు కలిసి చూడవచ్చును. సూర్యునిపైని మచ్చలుకూడ అందు కనబడును. ఆ సమయమున పెద్దవారు ఒకరు దుర్భిణి ప్రక్కననే యుండి, పిల్లలెవ్వరును గొట్టములోనికి తొంగిచూడకుండ కాపాడవలెను.

ఇక ముగింతును. గ్రంథాలయమనగా పుస్తకముల కొట్టు మాత్రమే గాదు. ఒక్కొక్కరు కొనలేనిదానిని ఊరంతయు కలిసి కొని, అందరికి అందించుటయే దాని ధర్మము. పుస్తకము విషయమున ఈ ధర్మమును మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నడపినది. దుర్భిణి విషయమున కూడ నడపవచ్చునని నా మనవి. నా దుర్భిణిని ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. పుస్తకమువలెనే దానికిని ఒక సంఖ్య వేసి, చందాదారులకు వారమునకొక ఇంటికి ఎరువిచ్చునట్లు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. దానితోపాటు ఒక నోటుపుస్తకమును ఇచ్చి, చూచినవారు తేదీ, వేళ, చూచినది వ్రాసి సంతకము చేయునట్లు నియమము పెట్టుట మంచిది.

1868లో మన ఆకాశమును పరులు చూచి, వ్రాసికొని వెళ్లిరి. వారికి మనము కృతజ్ఞులము. రాబోవు గ్రహణమును, రాబోవు తోకచుక్కను మన పిల్లలు మన పెరళ్లలోనే చూచి, మన గ్రంథాలయపు నోటుపుస్తకములో తెలుగున వ్రాసికొందురుగాక. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసము వ్రాయువారికి ఆ నోటుపుస్తకము ఆధారమగుగాక.